పాత కారు బాడీ పనికి ఇంట్లో ఎలాంటి మిగ్ వెల్డర్ కొనాలి?

మిగ్ వెల్డర్ అంటే సన్నటి వైరును తనే అందిస్తూ, దాన్ని కరెంటుతో కరిగించి ఇనుమును అతికే మిషన్. ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటు మీద నడిచేది, 30 ఆంపియర్ల దాకా తగ్గించగలిగేది, 0.6 లేదా 0.8 మి.మీ. వైరు తీసుకునేది, వెల్డింగ్ గ్యాస్ సిలిండర్ తగిలించుకునే వీలున్నది కొనండి.

కారు బాడీ రేకు మందం సుమారు 0.7 నుంచి 1 మి.మీ. మాత్రమే. వేడి కాస్త ఎక్కువైతే చిల్లు పడుతుంది, లేదంటే రేకు ఉబ్బి వంకరపోతుంది. అందుకే మిషన్ పైకి ఎంత పోతుందన్నది కాదు, కిందికి ఎంత సాఫీగా దిగుతుందన్నదే అసలు లెక్క. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బేరమాడేటప్పుడు డబ్బా మీది పెద్ద అంకె చూసి మురిసిపోకండి. ఈ పనికి 150 ఆంపియర్లే ఎక్కువ.

ఉదాహరణకు, అంబాసిడర్ ఫ్లోర్ తుప్పు పట్టిందనుకోండి. మంచి రేకు తగిలేదాకా కోసి, 1 మి.మీ. ముక్క పెట్టి, 40–60 ఆంపియర్ల దగ్గర ఒక చుక్క ఇటు, ఒక చుక్క అటు దూరదూరంగా వేస్తూ, చల్లారనిచ్చి మధ్య ఖాళీలు నింపాలి. ఏకధాటిగా గీత లాగితే రేకు పాడైనట్టే. (మొదలుపెట్టే ముందు బ్యాటరీ, పెట్రోల్ ట్యాంకు తీసేయండి.)

చాలామంది పొరబడేది గ్యాస్ లేకుండా వాడే ఫ్లక్స్ వైరు (లోపల పొడి నింపిన వైరు) విషయంలో. సిలిండర్ ఖర్చు తప్పుతుంది, నిజమే. కానీ దాని వేడి ఎక్కువ, నిప్పురవ్వలు ఎక్కువ, పైన చిట్టెం కూడా కడుతుంది. గాలి వీచే ఆరుబయట మందపాటి ఇనుముకి అది బాగుంటుంది. పల్చటి రేకుకి ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసే నయం.