స్క్రూలు తీయడం మర్చిపోకు

పెరంబూరు, చెన్నై

చి. మాధవికి ఆశీస్సులు.

ఆ అల్పాకా పిల్ల కాళ్ళ వంకరకు ఆపరేషన్ చేయాలా అని అడుగుతూ నువ్వు పంపిన ఫొటోలు మీ అత్త ఫోన్‌లో పెద్దవి చేసి చూశాను. మోకాళ్ళు లోపలికి, పాదాలు బయటికి. వంకర ఉన్న మాట నిజమే. కానీ ఆ పిల్ల ఏ నెలలో పుట్టిందో రాయలేదేం?

అల్పాకాల పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పీఠభూమి, దాదాపు 4,000 మీటర్ల ఎత్తు. అంత ఎత్తులో కాసే గట్టి ఎండకు అలవాటు పడ్డ జాతి, పైగా ఒళ్ళంతా దట్టమైన బొచ్చు. మీ న్యూజిలాండ్ చలికాలంలో పుట్టిన పిల్లకు విటమిన్ డి చాలక, రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి రికెట్స్, అంటే ఎముకలు మెత్తబడి వంగే జబ్బు, రావచ్చు. మా మద్రాసు ఎండ కాస్త పార్సెల్ చేసే వీలుంటే ఎంత బాగుండేది! ముందు రక్తపరీక్ష చేయించు. లోపముంటే ఇంజెక్షన్ ఇవ్వు, మోతాదు మించితే మాత్రం అదే విషం. ఇది తేలకుండా కత్తి పట్టకు.

ఎక్స్‌రే మీద పై ఎముక, కింది ఎముక మధ్యగా గీతలు గీయి. అవి గ్రోత్ ప్లేట్ (ఎముక చివర పెరుగుదల జరిగే పొర) దగ్గర కలిస్తేనే స్క్రూలతో పని. ప్లేట్‌కి పైన ఒకటి, కింద ఒకటి, లోపలి వైపు బిగించి వైరు చుడతాం. అటు పెరుగుదల ఆగుతుంది, బయటి వైపు పెరిగి అందుకుంటుంది. పిల్లకు ఇంకా ఎదుగుదల మిగిలి ఉండాలి కనుక నెలల తరబడి నానబెట్టకు. బయటి వైపు ఎముక పొర కోసి లేపే పద్ధతీ ఉంది గానీ, దాని లాభం మీద గుర్రాల సర్జన్లలోనే వాదన తెగలేదు. నాకూ పెద్దగా గురి లేదు.

ఇక నా తప్పు చెబుతాను. ఒక గుర్రప్పిల్లకు ఇలాగే స్క్రూలు వేశాను. కాలు తిన్నగా వస్తోందని కబురొచ్చింది. నెల్లూరులో పెళ్ళుందని వెళ్ళడం వాయిదా వేశాను. తిరిగొచ్చి చూస్తే కాలు రెండో వైపుకి వంగి దొడ్డికాలైంది. స్క్రూలు వేయడం గంట పని, తీసే సమయం కనిపెట్టడమే అసలు పని. వారం వారం నువ్వే వెళ్ళి చూడు, యజమాని ఫోన్‌ని నమ్మకు. రెండు కాళ్ళకూ వేస్తే, ముందు తిన్నబడ్డ కాలిది ముందే తీసెయ్.

మత్తు దగ్గర జాగ్రత్త. ఒంటెల జాతి కదా, మేత గొంతులోకి ఎగదన్నుతుంది. శ్వాసనాళంలోకి ట్యూబు వెయ్యి, నోరు గొంతు కన్నా కిందికి ఉండేలా పడుకోబెట్టు. పాలు తాగే పిల్లను ఎక్కువసేపు పస్తు ఉంచకు, షుగర్ పడిపోతుంది.

ఈసారి ఎక్స్‌రేని ఫోన్‌తో ఫొటో తీసి పంపకు, అసలు ఫైలు పంపు. ఎముక మీద మీ ట్యూబులైటు పడింది.

మీ మావయ్య