గడువు పెట్టే అధికారం హైకోర్టుకు ఉందా?

ప్రశ్న: అమరావతి కేసులో హైకోర్టు పెట్టిన గడువులను సుప్రీంకోర్టు ఎందుకు నిలిపివేసింది? రైతుల పక్షాన నిలబడడం కూడా తప్పేనా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రైతుల పక్షాన నిలబడడం తప్పు కాదు. రాజ్యాంగం 226వ అధికరణం ప్రాథమిక హక్కుల కోసమే కాక ఇతర చట్టబద్ధ హక్కుల కోసం కూడా రిట్లు (ప్రభుత్వాన్ని ఆదేశించే ఉత్తర్వులు) జారీ చేసే అధికారాన్ని హైకోర్టుకు ఇచ్చింది. ఈ విషయంలో దాని పరిధి సుప్రీంకోర్టుకు 32వ అధికరణం ఇచ్చిన దానికంటే విశాలమైనది. రాజధాని కోసం పొలం తీసుకుని బదులుగా ప్లాటు ఇచ్చే భూసమీకరణలో పొలం అప్పగించి, ప్లాటు నంబరు రాసిన పత్రం పట్టుకుని, ఆ ప్లాటు హద్దు రాయి కోసం కంప చెట్ల మధ్య వెతుక్కున్న తుళ్లూరు రైతుకు, ప్రభుత్వం ఇచ్చిన మాటకు కట్టుబడాలని చెప్పగల వేదిక న్యాయస్థానమే.

అయితే 2022 మార్చి 3 నాటి హైకోర్టు తీర్పు అక్కడితో ఆగలేదు. రోడ్లు, తాగునీరు, డ్రైనేజీ వంటి సౌకర్యాలకు ఒక నెల, ప్లాట్ల అప్పగింతకు మూడు నెలలు, రాజధాని నిర్మాణానికి ఆరు నెలలు గడువు విధించింది. హైకోర్టు పట్టణ ప్రణాళికా నిపుణుడి పాత్ర పోషించగలదా అని ప్రశ్నిస్తూ, సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబరు 28న ఆ గడువులపై స్టే ఇచ్చింది. నా దృష్టిలో ఈ అభ్యంతరం సమంజసమే. నిధుల కేటాయింపు శాసనసభ ఆమోదంతో జరగవలసిన పని. ఆరు నెలల్లో నగరం లేవకపోతే కోర్టు చేతిలో మిగిలేది ధిక్కార చర్య ఒక్కటే, దానితో రోడ్డు పడదు. మాట తప్పిన ప్రభుత్వం నుంచి రైతుకు నష్టపరిహారం ఇప్పించడం మాత్రం న్యాయస్థానం నిస్సంకోచంగా చేయగలిగిన, చేయవలసిన పని.