సినిమా పాటకు సర్వహక్కులూ రాసిచ్చాక గీత రచయితకు ఏం మిగులుతుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది. 2019లో విడుదలైన సినిమాకు మూడు పాటలు రాశారు. గంపగుత్తగా డబ్బు తీసుకుని 'సర్వహక్కులూ, ప్రపంచవ్యాప్తంగా, శాశ్వతంగా' అన్న ఒప్పందం మీద సంతకం పెట్టారు. ఇప్పుడా పాటలు ఎఫ్‌ఎంలో, యూట్యూబ్‌లో, స్ట్రీమింగ్ యాప్‌లలో మోగుతున్నాయి, మీకు పైసా రాలేదు. ఆడియో కంపెనీ పెట్టిన వీడియోలో గీత రచయితగా సంగీత దర్శకుడి పేరు పడింది. ఒక పాటలో రెండో చరణాన్ని మిమ్మల్ని అడక్కుండా మార్చేశారు. ఇప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు.

ఉంది. రాయల్టీలో మీ వాటా ఆ సంతకంతో పోలేదు. రచయితగా మీ పేరు మీద హక్కూ పోలేదు. పోయింది ఒక్కటే: ఆ పాటను ఎవరు వాడుకోవాలో, ఏ షరతుల మీద వాడుకోవాలో నిర్ణయించే అధికారం. ఈ మూడూ ఒకటే అనుకోవడం వల్ల 'అన్నీ రాసిచ్చేశాం కదా' అని ఎందరో రచయితలు అడగడమే మానేశారు. అది నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే చట్టం వాళ్ల పక్షానే ఉంది.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. సెక్షన్ 14లో ఆర్థిక హక్కులున్నాయి: ప్రతులు తీయడం, జనం మధ్య ప్రదర్శించడం, ప్రసారం చేయడం, సినిమాలోనో రికార్డులోనో చేర్చడం, అనువదించడం. వీటిని అమ్ముకోవచ్చు, విడివిడిగానూ అమ్ముకోవచ్చు. సినిమా పాటల విషయంలో మాత్రం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే డబ్బిచ్చి రాయించుకున్న నిర్మాతే తొలి యజమాని అని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో ఓడింది రచయితల, స్వరకర్తల సొసైటీ అయిన ఐపీఆర్‌ఎస్. ముప్ఫై అయిదేళ్లు అలాగే నడిచాక 2012 సవరణ వచ్చింది, ఆ ఏడాది జూన్ 21న అమల్లోకి వచ్చింది.

ఆ సవరణ సెక్షన్ 18కి చేర్చిన షరతే మీకు ఆయుధం. సినిమాలో చేరిన సాహిత్యానికి గానీ సంగీతానికి గానీ కర్త అయినవారు, హక్కులు కొనుక్కున్నవారితో సమాన ప్రాతిపదికన రాయల్టీ పొందే హక్కును వేరెవరికీ రాసివ్వకూడదు, వదులుకోకూడదు. వారసులకు ఇవ్వొచ్చు, వసూలు చేసి పంచడానికి కాపీరైట్ సొసైటీకి ఇవ్వొచ్చు, అంతే. దీనికి విరుద్ధంగా రాసుకున్న ఒప్పందం ఆ మేరకు చెల్లదు. సినిమాతో కలిపి థియేటర్‌లో వేసినప్పుడు మాత్రం ఈ రాయల్టీ వర్తించదు. అంటే హాలు వసూళ్లలో మీకు వాటా లేదు. అదే సినిమా టీవీలో వేసినా, ఓటీటీలో పెట్టినా, పాట విడిగా రేడియోలో వచ్చినా, కాలర్ ట్యూన్ అయినా, హోటల్లో మోగినా, వేదిక మీద పాడినా వర్తిస్తుంది. షరతులో ఉన్న మాట 'సాహిత్య రచన' కాబట్టి సంభాషణల రచయితలూ దీన్ని గమనించాలి. సినిమాకు సంబంధం లేని ప్రైవేటు ఆల్బమ్ పాటకు పక్కనే ఇంకో షరతు ఉంది, అందులో థియేటర్ మినహాయింపు కూడా లేదు.

రెండు జాగ్రత్తలు. 2012 జూన్ 21కి ముందు సంతకం చేసిన ఒప్పందాలకు ఇది నేరుగా వర్తిస్తుందని అనుకోకండి, వాటిని లాయరుకు విడిగా చూపించాలి. రెండోది, ఇది నవల, కథల పుస్తకం, పత్రిక వ్యాసం లాంటివాటికి వర్తించదు. పుస్తక రచయిత రాయల్టీ పూర్తిగా ఒప్పందం మీదే నిలబడుతుంది.

ఇక డబ్బు ఎలా వస్తుందన్నది. నిర్మాతకు ఫోన్ చేసి 'నా వాటా ఇవ్వండి' అంటే రాదు. సినిమాలోనో రికార్డులోనో చేరిన సాహిత్యానికి, సంగీతానికి లైసెన్సులిచ్చే వ్యాపారం రిజిస్టరైన కాపీరైట్ సొసైటీ ద్వారానే జరగాలని సెక్షన్ 33 చెబుతోంది. పాటల సాహిత్యానికీ సంగీతానికీ ఆ సొసైటీ ఐపీఆర్‌ఎస్. 1969లో పుట్టింది, కొత్త చట్టం కింద 2017లో మళ్లీ రిజిస్టరైంది. పాలకమండలిలో రచయితలు, హక్కుల యజమానులు సమాన సంఖ్యలో ఉండాలి, వసూలైన సొమ్మును వీలైనంతవరకు వాస్తవ వాడకాన్ని బట్టి పంచాలి అన్నవి చట్టం పెట్టిన నియమాలు. మామూలు పంపకంలో సగం హక్కుల యజమానికి, పావు గీత రచయితకు, పావు స్వరకర్తకు. ఇద్దరు కలిసి రాస్తే ఆ పావునే పంచుకోవాలి. మీరే పాడినా కూడా గాయకుడిగా హక్కు వేరు, దాని సొసైటీ ఇసామ్రా (ముందటి పేరు ఇస్రా). అక్కడ విడిగా చేరాలి.

మీరు సభ్యులు కాకపోతే ముందు చేయాల్సింది చేరడమే. గుర్తింపు కార్డు, పాన్, రద్దు చేసిన చెక్కు, విడుదలైన పాటల వివరాలు, నామినీ పేరు సిద్ధం చేసుకోండి. మీ హక్కుల్ని సొసైటీకి అప్పగించే దస్తావేజు మీద సంతకం చేయాలి, దాన్ని సాంతం చదవండి, ఇకముందు రాయబోయే పాటలు కూడా అందులోకి వస్తాయి. ఇక్కడ పెద్దగా ఎవరూ పట్టించుకోని లాభం ఒకటుంది. సొసైటీకి ముందే అప్పగించిన హక్కులకు విరుద్ధంగా తర్వాత నిర్మాతకు రాసిచ్చిన బదిలీ చెల్లదని సెక్షన్ 19(8) చెబుతోంది. కాబట్టి కొత్త రచయితలు తొలి సినిమా ఒప్పందం మీద సంతకం పెట్టాక కాకుండా, వీలైనంత తొందరగా సభ్యత్వం తీసుకోవాలి. పాన్ సరిగా నమోదు కాకపోతే టీడీఎస్ కోత పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి.

చేరగానే డబ్బు రాదు. నిజంగా ఆగిపోయేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

లెక్కల్లో గుర్తుపట్టడానికి మనిషికి ఐపీఐ, రచనకు ఐఎస్‌డబ్ల్యూసీ, రికార్డింగుకు ఐఎస్‌ఆర్‌సీ అనే నంబర్లుంటాయి. ఐఎస్‌డబ్ల్యూసీ 'టి' అక్షరంతో మొదలై పది అంకెలుంటుంది, ఐఎస్‌ఆర్‌సీకి మొత్తం పన్నెండు అక్షరాలూ అంకెలూ. మీ పాట ఒకటే. రికార్డింగులు మాత్రం సినిమా వెర్షన్, రీమిక్స్, కరోకే, చిన్న వీడియోల కోసం కత్తిరించిన ముక్క, ఇలా ఎన్నో. స్ట్రీమింగ్ కంపెనీ పంపే లెక్క రికార్డింగ్ నంబరుతో వస్తుంది. దాన్ని మీ రచన నంబరుతో ముడిపెడితేనే సొమ్ము మీ ఖాతాకు చేరుతుంది. ఆ ముడి పడని రికార్డింగుల సొమ్ము పంపకం కాకుండా అక్కడే ఉండిపోతుంది.

తెలుగు పాటలకు అదనపు తంటా రోమన్ లిపి. పల్లవిలోని దీర్ఘాన్ని ఆడియో కంపెనీ రెండక్షరాలతో రాస్తుంది, టీవీ ఛానెల్ ఒక్కదానితో సరిపెడుతుంది. ఒకరు పల్లవి మొదటి రెండు పదాలే పేరుగా పెడతారు, ఇంకొకరు మొత్తం పంక్తి పెడతారు. యంత్రానికి అవి వేర్వేరు పాటలు. అందుకే సొసైటీలో పాట నమోదు చేసేటప్పుడు ప్రత్యామ్నాయ శీర్షికల గడిలో మీకు కనబడిన రూపాలన్నీ రాయండి, సినిమా పేరు, విడుదల సంవత్సరం, స్వరకర్త పేరు, దొరికిన ఐఎస్‌ఆర్‌సీలు అన్నీ జత చేయండి. కలం పేరుతో రాస్తే ఆ పేరును కూడా మీ ఐపీఐ కింద చేర్పించండి, ఇంటిపేరు ముందూ వెనకా మారినా ఇదే పని.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉండే అవకాశం ఎక్కువ. వీడియోలోనే రచయితగా సంగీత దర్శకుడి పేరుందంటే, సొసైటీ రికార్డుల్లో కూడా సాహిత్యం వాటా ఆయన పేరు మీదే నమోదై ఉండొచ్చు. మీరు వెళ్లి మీ పావు నమోదు చేస్తే మొత్తం వాటాలు నూరు దాటతాయి. అప్పుడు వివాదం తేలేదాకా ఆ పాట సొమ్మును ఆపుతారు. దీనికి భయపడి ఊరుకోవద్దు. ముందు సంగీత దర్శకుడికి ఈమెయిల్ రాయండి. చాలాసార్లు ఇది ఆడియో కంపెనీ గుమాస్తా పని, ఆయనకు తెలిసి ఉండదు. ఆయన 'సాహిత్యం ఫలానావారిది' అని ఒక్క వాక్యం రాసిస్తే సొసైటీలో దిద్దుబాటు తేలికవుతుంది. టీవీ ప్రసారాలకు క్యూ షీట్ కూడా చూడాలి. ఏ పాట, ఎన్ని నిమిషాలు, కర్తలెవరు అన్నది అందులోనే ఉంటుంది, అందులో మీ పేరు లేకపోతే ఆ ప్రసారంలో మీకు వాటా చేరదు.

ఎఫ్‌ఎం స్టేషన్లు 'రికార్డింగుకు కంపెనీకి కట్టేశాం, సాహిత్యానికి విడిగా ఎందుకు' అని వాదించేవి. 2023 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు ఐపీఆర్‌ఎస్ వేసిన దావాల్లో మధ్యంతర ఉత్తర్వు ఇస్తూ, 2012 సవరణ తర్వాత ఆ విడి రాయల్టీ కట్టాల్సిందేనంది.

ఒక హెచ్చరిక: కోపంతో ఆ పాటను మీ సొంత ఛానెల్లో పెట్టకండి. రికార్డింగు మీది కాదు, సాహిత్యం వాడుకకు అనుమతిచ్చే అధికారమూ రాసిచ్చారు. కాపీరైట్ ఉల్లంఘన హెచ్చరిక (స్ట్రైక్) మీ ఛానెల్‌కే పడుతుంది.

పేరు సంగతికి వస్తే, అది సెక్షన్ 57. ఆర్థిక హక్కులు ఎవరి చేతిలో ఉన్నా, పూర్తిగా అమ్మేశాక కూడా, ఈ రచన నాదని చెప్పుకునే హక్కు కర్తదే. ముందు సాక్ష్యం భద్రం చేసుకోండి: వీడియో లింకు, తేదీ కనిపించే స్క్రీన్‌షాట్, మీరు సాహిత్యం పంపిన మొదటి ఈమెయిల్ లేదా వాట్సాప్ సందేశం, పారితోషికం బ్యాంకులో పడిన వివరం, ఒప్పందం ప్రతి. కోర్టుదాకా వెళ్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి, కాబట్టి అసలు ఫోన్‌ను, మెయిల్ ఖాతాను చెరిపేయొద్దు. తర్వాత ఆడియో కంపెనీకి, నిర్మాతకు కలిపి నోటీసు. ఏ లింకులో, ఏ చోట, ఏ స్పెల్లింగుతో మీ పేరు ఉండాలో రాయండి, స్ట్రీమింగ్ యాప్‌లకు పంపే మెటాడేటాలోనూ (పాట వివరాల్లోనూ) దిద్దమనండి, పదిహేను రోజుల గడువివ్వండి. వీడియో వివరణలో పేరు దిద్దడానికి వాళ్లకు ఖర్చేమీ ఉండదు కనుక ఈ కోరికను డబ్బు కోరికతో కలపకుండా విడి నోటీసుగా పంపితే త్వరగా తెమిలే అవకాశం ఎక్కువ.

చరణం మార్పు మాత్రం అంత సులువు కాదు. మార్చారన్నంత మాత్రాన ఉల్లంఘన అవదు. ఆ వక్రీకరణ గానీ మార్పు గానీ మీ గౌరవానికో పేరుప్రతిష్ఠలకో భంగం కలిగించేదని చూపించాలి. ట్యూనుకు కుదరక ఒక పదం మార్చడం వేరు, మీరు రాయని అసభ్యమైన పంక్తి మీ పేరు కింద చేరడం వేరు. రెండోదానికి బలముంది. విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కుడ్యశిల్పాన్ని తొలగించి పాడుచేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2005లో ఇదే సెక్షన్ 57 కింద ప్రభుత్వాన్ని 5 లక్షల రూపాయలు పరిహారం ఇమ్మంది, మిగిలిన శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇచ్చేయమంది. మీరు రాసిన చరణాన్నీ, పాడినదాన్నీ పక్కపక్కన పెట్టి, మార్పు వల్ల అర్థం ఎక్కడ ఎలా చెడిందో పంక్తి పంక్తికీ రాయండి. 'నన్ను అడగలేదు' అన్నది ఒక్కటే వాదనగా పెడితే నిలబడదు.

ఇకముందు ఒప్పందాల్లో సెక్షన్ 19 చూసుకోండి. బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, రాయల్టీ ఎంత అన్నవి ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమే అని చట్టం లెక్కేస్తుంది. ఒప్పందం నాటికి వాణిజ్య వాడుకలో లేని మాధ్యమాన్ని పేరు పెట్టి ప్రత్యేకంగా రాస్తే తప్ప బదిలీ దానికి వర్తించదు. 'నైతిక హక్కులన్నీ వదులుకుంటున్నాను' అన్న వాక్యం (సెక్షన్ 57లోని హక్కులనే ఇలా అంటారు) కనిపిస్తే కొట్టేసి, దాని స్థానంలో 'ట్యూను, నిడివి అవసరాలకు చేసే మార్పులను రచయితకు చూపించి చేయవచ్చు. ప్రతి విడుదలలోనూ గీత రచయితగా ఫలానా పేరు వేయాలి' అని రాయించండి.

నోటీసుకు జవాబు రాకపోతే మీరు నివసించే చోటి కోర్టులోనే దావా వేసే వెసులుబాటు సెక్షన్ 62 ఇస్తోంది. దావా విలువ 3 లక్షలు దాటితే అది కమర్షియల్ కోర్టుకు వెళ్తుంది, తక్షణ నిలుపుదల ఉత్తర్వు కోరకపోతే ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. ఉల్లంఘనకు పరిహారం అడగడానికి కాలపరిమితి మూడేళ్లు, కాబట్టి వీడియో ఏ రోజు ఎక్కిందో, మీకు ఏ రోజు తెలిసిందో రాసిపెట్టుకుని ఈ వారంలోనే లాయరుకు చూపించండి.