చెదలకు బీమా లేదు, చిట్టీ

చిరంజీవి చిట్టికి, అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే సగం మాటలు అర్థం కాలేదు. అర్థమైనంతవరకు ఇదీ సంగతి: కొత్తగా కొన్న పాత ఇంట్లో పడగ్గది వార్డ్‌రోబ్ వెనకంతా చెద పట్టింది, బాత్‌రూమ్ ద్వారబంధం వేలితో నొక్కితే లోపలికి పోతోంది, లోను ఇచ్చిన బ్యాంకు చేయించిన బీమా ఉంది కదా అని క్లెయిమ్ పెడితే కంపెనీవాళ్లు తిరస్కరించారు. "ముప్ఫై ఏళ్లు అక్కడే పనిచేశావుగా అత్తా, ఎవరికైనా చెప్పి ఇప్పించు" అన్నావు. ఫోన్లో నీకు జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు చేదు మాట. ఆ డబ్బు రాదు. ఎవరికి చెప్పినా రాదు. వాళ్లు నిన్ను మోసం చేయలేదు కూడా.

క్లెయిమ్ ఫారంలో "నష్టం జరిగిన తేదీ" అని ఒక గడి ఉంటుంది, గుర్తుందా? నువ్వు అందులో ఏం రాశావు? చెద కంటపడిన రోజు రాసి ఉంటావు. నేను క్లెయిముల విభాగంలో ఉన్నన్నాళ్లూ ముందు ఆ గడే చూసేదాన్ని. నిప్పంటుకుంటే తేదీ ఉంటుంది. తుఫానుకి, వరదకి, పిడుగుకి, భూకంపానికి తేదీ ఉంటుంది. చెదకి ఏ తేదీ రాస్తావు? మీరు ఆ ఇల్లు కొనక ముందే మొదలై ఉంటుంది. తేదీ చెప్పగలిగిన నష్టానికి బీమా, తేదీ లేని నష్టం మన నెత్తిన. చట్టం భాషలో ఇంకా చాలా ఉందిగానీ నీకు ఇది చాలు.

నీ పాలసీ కాగితం తీసి చూడు. పైన "భారత్ గృహ రక్ష" అని ఉంటుందనుకుంటాను. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఇదే తరహా పాలసీ ఇవ్వాలని బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ నియమం పెట్టింది. ఆ ఆఫీసు మీ హైదరాబాద్‌లోనే ఉంది. ఈ పాలసీలో ఏయే ప్రమాదాలకు డబ్బిస్తారో పేరు పెట్టి రాసి ఉంటుంది. అగ్ని, పేలుడు, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, కొండచరియలు విరిగిపడటం, అల్లర్లు, వాహనం వచ్చి గోడకి గుద్దుకోవడం, నీళ్ల ట్యాంకు పగలడం, అలా ఒక జాబితా. జాబితాలో లేనిది పాలసీలో లేనట్టే. చెదలు, ఎలుకలు, బొద్దింకలు, నల్లులు ఆ జాబితాలో ఎక్కడా కనపడవు. కొందరు ఎక్కువ ప్రీమియం కట్టి "ఆల్ రిస్క్" పాలసీ తీసుకుంటారు. పేరు చూస్తే అన్నీ వస్తాయనిపిస్తుంది. అందులో మాత్రం పురుగులు, బూజు, అరుగుదల వల్ల జరిగే నష్టం మినహాయింపు అని ప్రత్యేకంగా రాసి ఉంటుంది.

నువ్వు అడగని ఒకటి కూడా చెబుతాను. మామూలు దొంగతనం కూడా ఆ పాలసీలో లేదు. పాలసీ ఒప్పుకున్న ప్రమాదం ఏదైనా జరిగి, దానివల్ల ఇల్లు బట్టబయలై, 7 రోజుల లోపల ఎవరైనా సామాను ఎత్తుకెళ్తేనే వస్తుంది. దొంగలకి వేరే పాలసీ చేయించుకోవాలి. బ్యాంకులో ఇది ఎవరూ విప్పి చెప్పరు, సంతకాలు పెట్టించుకోవడంలోనే వాళ్లకి పొద్దుపోతుంది.

ఇప్పుడు అసలు నేను ఎందుకు కంగారుపడ్డానో చెబుతాను. "మొన్న వానలకి గోడ నాని ఇలా అయిందని మళ్లీ రాస్తే?" అని అల్లుడు వెనక నుంచి అనడం వినపడింది. వద్దని చెప్పు. నష్టం చూసి అంచనా వేసే సర్వేయర్ వచ్చి పది నిమిషాల్లో పట్టేస్తాడు. నీళ్లకి పాడైన చెక్క ఉబ్బుతుంది, పొరలు విడిపోతాయి. చెద తిన్న చెక్క పైకి నిండుగానే ఉండి లోపల డొల్లవుతుంది, ఆ డొల్లలో మట్టి ఉంటుంది. దానికి ఫోటో తీస్తే ఇంక చెప్పేదేముంది? అబద్ధం పట్టుబడితే ఈ క్లెయిమే పోదు, పాలసీయే రద్దు చేయొచ్చు. రేపు నిజంగా నిప్పంటుకున్న రోజున నీ చేతిలో ఏమీ ఉండదు.

నిజంగా తుఫాను వచ్చినప్పుడు కూడా చెద ఎలా అడ్డుపడుతుందో చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటిన తర్వాత మా టేబుళ్ల మీద ఫైళ్లు గుట్టలుగా పడ్డాయి. అందులో ఒక పెంకుటిల్లు. పైకప్పు కూలింది, తేదీ సరిగ్గా ఉంది, గాలికి సాక్ష్యం ఊరంతా. సర్వేయర్ తీసిన ఫోటోలో మాత్రం విరిగిన వాసాల చివరలు మట్టితో నిండి ఉన్నాయి. అదే వీధిలో అదే వయసు ఇళ్ల వాసాలు నిలబడే ఉన్నాయట. చివరికి పెంకులకి, తడిసిన సామానుకి ఇచ్చారు, వాసాలకి కోత పెట్టారు. ఇంటాయన వచ్చి చాలా గొడవ చేశాడు. ఫైలు మీద నా సంతకం కూడా ఉంది. నియమం ప్రకారం అది సరే. ఆయన ముఖం మాత్రం ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది, ఎందుకంటే వాసాలు తింటున్నాయని ఆయనకి తెలియదు. తెలుసుకోవడానికి ఏడాదికి ఒక పూట చాలు.

ఎలుకల సంగతి వేరు. వైరు కొరికితే ఆ వైరుకి డబ్బు రాదు. కొరికిన వైరు రాసుకుని మంట లేచి వంటగది కాలితే అది అగ్నిప్రమాదమే, దానికి వస్తుంది. ఇక్కడా మెలిక ఉంది. షార్ట్ సర్క్యూట్ అయిన ఫ్రిజ్‌కి ఇవ్వరు, ఆ మంట పాకి కాలిన అలమరకి, పక్కనున్న వాషింగ్ మెషీన్‌కి ఇస్తారు. అందుకే ఫ్రిజ్ వెనక నెలకోసారి చెయ్యి పెట్టి తుడువు. వైర్లు గోడలోకి వెళ్లే బెజ్జాల్ని గాజుపెంకులు కలిపిన సిమెంటుతో మూయించు, డ్రైనేజీ మూతలకి ఇనుప జాలీ వేయించు. విషం బిళ్లలు పెడితే ఎలుక ఏ అటక మూలో చస్తుంది, వారం రోజులు ఇంట్లో ఉండలేరు. నాకు బోనే మేలనిపిస్తుంది. పెరట్లో పందికొక్కులుంటే మటుకు ఊరుకోకు, అవి పునాది పక్కన మట్టి తోడేస్తాయి. గచ్చు కుంగిందని భూమి కుంగుబాటు కింద క్లెయిమ్ పెడితే అదీ నిలబడటం కష్టం.

బొద్దింకలకీ నల్లులకీ ఈ ఉత్తరంలో చోటివ్వను. జెల్ పెట్టించుకో, పరుపులు ఎండలో వెయ్యి.

చెద దగ్గరికి వద్దాం. గోడ మీద చెద కట్టుకున్న మట్టి బాటల్ని కోపంతో చీపురుతో ఊడ్చెయ్యకు. మందు కొట్టేవాళ్లకి అవి ఎక్కడి నుంచి ఎక్కుతున్నాయో చూపించేవి ఆ బాటలే. ఊడ్చేస్తే చెదలు ఇంకో దారి వేసుకుంటాయి, ఆ దారి నీకు కనపడదు. నాలుగు ఫోటోలు తీసి అలాగే వదిలెయ్యి. బాత్‌రూమ్ గోడ వెనకే వార్డ్‌రోబ్ అన్నావు కాబట్టి ముందు ప్లంబర్‌ని పిలు. మన ఇళ్లలో చెద నేలలోంచి వస్తుంది, దానికి తడి కావాలి. ఎక్కడో పైపు కారుతూ ఉంటుంది. ఆ తడి ఆపకుండా వేల రూపాయల మందు పోసినా పండగ నాటికి మళ్లీ కనపడుతుంది.

మా చిన్నప్పుడు మీ తాతగారు గుమ్మాల వెంట గమాక్సిన్ పొడి చల్లించేవారు. దాన్ని ఎప్పుడో నిషేధించారు, ఎవరైనా పాత డబ్బా ఉందంటే ముట్టుకోవద్దు. ఇప్పుడు కట్టిన ఇళ్లకి చెద మందు ఎలా వేయాలో భారతీయ ప్రమాణమే ఉంది, ఐఎస్ 6313, మూడో భాగం. అందులో ఉన్నదాన్ని నీకు లెక్క కట్టి చెబుతాను, పనివాళ్ల దగ్గర పనికొస్తుంది. గోడా గచ్చూ కలిసేచోట 12 మిల్లీమీటర్ల బెజ్జాలు, దాదాపు అడుగుకొకటి, ఒక్కో బెజ్జం పీల్చుకున్నంత మందునీళ్లు, 1 లీటరు మించకుండా. నీ పడగ్గది 10 అడుగులు, 12 అడుగులు అనుకో. చుట్టూ 44 అడుగులు, అంటే 44 బెజ్జాలు, 44 లీటర్ల దాకా. క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ అనే చెద మందు వాడితే 1 లీటరు మందుకి 19 లీటర్ల నీళ్లు, అంటే ఆ ఒక్క గదికే 2 లీటర్లకి పైగా మందు పట్టొచ్చు. వచ్చినవాళ్లు అర లీటరు సీసాతో ఇల్లంతా కొట్టేస్తామంటే కాఫీ ఇచ్చి పంపించెయ్యి. వేరే మందైతే డబ్బా మీద పాళ్లు చదువు. సీలు నీ ముందే విప్పమను, కలిపేటప్పుడు పక్కన నిలబడు. మొహమాటపడకు. పిల్లని ఆ రెండు రోజులు అమ్మ దగ్గరికి పంపు. పెరట్లో బావి గానీ బోరు గానీ ఉంటే ముందే చెప్పి ఆ వైపు మందు పోయొద్దను. వారంటీ నోటిమాటగా వద్దు. ఏ మందు, ఎన్ని లీటర్లు, ఏయే గదులు, మళ్లీ వస్తే ఉచితంగా వేస్తారా లేదా, ఇవన్నీ బిల్లు మీదే రాయించు.

కొత్త వార్డ్‌రోబ్ చేయించేటప్పుడు గోడకి రెండంగుళాలైనా వదలండి. పార్టికల్ బోర్డు జోలికి పోవద్దు. అల్లుడు చవకని మొగ్గుతాడు, నువ్వు ఒప్పుకోకు.

బీమా ఎందుకు ఇక, మానేద్దామని అన్నావు. మానకు. కానీ సరిచెయ్యి. బ్యాంకువాళ్లు లోను మొత్తానికే బీమా చేశారేమో చూడు. ఆ మొత్తంలో స్థలం ఖరీదు కూడా ఉంటుంది, స్థలం కాలిపోదు కదా! మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో అంతకే చేయాలి. 1,200 చదరపు అడుగులు, అడుగుకి 2,000 రూపాయలు అనుకుంటే 24 లక్షలు. ఇంటికి చేయిస్తే సామానుకి దానంతటదే 20 శాతం వస్తుంది, 10 లక్షలు మించకుండా. నీ లెక్కలో 4 లక్షల 80 వేలు. అది చాలకపోతే జాబితా ఇచ్చి పెంచుకోవచ్చు. నగలు అందులోకి రావు, వాటికి విడిగా చేయించాలి. నగదుకి అసలు లేదు.

నగదు అంటే గుర్తొచ్చింది. 2021లో కృష్ణా జిల్లా మైలవరంలో ఒకాయన ఇల్లు కట్టుకుందామని ట్రంకుపెట్టెలో దాచుకున్న లక్షల రూపాయల నోట్లు చెదలు తినేశాయి. పేపర్లో చదివి ఆ రోజంతా మనసు బాగాలేదు. అలాంటి నోట్లు పారెయ్యక్కర్లేదు. 50 రూపాయలు, అంతకు మించిన నోటైతే మిగిలిన పెద్ద ముక్క 80 శాతం దాటితే బ్యాంకులో పూర్తి విలువ ఇస్తారు, 40 నుంచి 80 మధ్య ఉంటే సగం. నీ బీరువాలో చీరల కింద దాచే అలవాటు మీ అమ్మ నుంచే వచ్చిందని నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను.

బ్యాంకుకి ఇవ్వగా నీ దగ్గర మిగిలిన ఇంటి పత్రాలు, లింకు డాక్యుమెంట్లు చెక్క అలమరలోంచి ఈ రోజే తీసి ఇనుప బీరువాలో పెట్టు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు, అయినా ఒరిజినల్ పోతే తలనొప్పే.

భోగికి ముందు ఎలాగూ ఇల్లు దులుపుతావు. ఆ పూట ఒక గరిట పట్టుకుని గుమ్మాలూ కిటికీలూ అడుగు నుంచి తట్టుకుంటూ వెళ్లు. డొల్ల చప్పుడు వచ్చినచోట సుద్దముక్కతో గీత పెట్టు. ఆ చేత్తోనే ఒక్కో గదికి నాలుగు ఫోటోలు తీసుకో, టీవీ, ఫ్రిజ్ బిల్లులు కూడా. రేపు అగ్నిప్రమాదమో వరదో జరిగితే క్లెయిమ్‌కి అవే ఆధారం. తొలకరి వానకి లైటు చుట్టూ ఉసిళ్లు, అంటే రెక్కలొచ్చిన చెదలు, మూగుతాయి చూడు, వాటి రెక్కలు ఇంటి బయట రాలితే సరే. మూసిన గది లోపల కిటికీ దిమ్మె మీద రాలి ఉంటే పుట్ట ఇంట్లోనే ఉన్నట్టు.

తిరస్కరించిన ఉత్తరం దాచిపెట్టు. ఎప్పుడైనా న్యాయమైన క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి, తర్వాత ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్లో, ఆ పైన హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఈసారి మాత్రం వెళ్లకు, ఆ సెలవు రోజు ప్లంబర్‌కి పెట్టు.

మందు వేసేవాళ్లు ఏ రోజు వస్తారో తెలిస్తే ఫోన్ చెయ్యి, వీలైతే ముందురోజు బస్సెక్కి వస్తాను. ఆ వార్డ్‌రోబ్ కింది అరలో మీ నాయనమ్మ నాకు రాసిన ఉత్తరాల కట్ట ఒకటి ఉండాలి, నీ పెళ్లప్పుడు నువ్వే అడిగి తీసుకున్నావు. ఎంత తిన్నాయో చూడకుండా ఎత్తి ఎండలో పెట్టు. మిగిలినవి నేను వచ్చినప్పుడు తీసుకుంటాను.

మీ అత్తయ్య