రెండేళ్ల డెంటల్ కోర్సులో ఆదివారం ఎటు పోతుంది?

మన దగ్గర బీడీఎస్ చేసి అమెరికాలో అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ (బయటి దేశాల డెంటిస్టులకు కుదించిన కోర్సు) సీటు తెచ్చుకున్న హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల పిల్లలు మొదట అడిగేది సిలబస్ సంగతి కాదు. "అక్కా, తినడానికి, పండుకోవడానికి టైం దొరుకుతదా?" అని అడుగుతారు. దొరుకుతుంది. కానీ పని అంతా అయినంక మిగిలింది తీసుకుందాం అనుకుంటే ఎన్నటికీ మిగలదు. టైం ఎక్కడ కారిపోతుందో కనిపెట్టి ఆ చిల్లు మూసుకోవాలి.

ముందు కోర్సు తీరు ఏందో తెలుసుకోండి. ఇక్కడ, అంటే అమెరికాలో, పిల్లలు డిగ్రీ తర్వాత మామూలుగా 4 ఏళ్లు చదివే డెంటల్ డిగ్రీని (డీడీఎస్ లేదా డీఎండీ), బయటి దేశాల డెంటిస్టులు 2 నుంచి 3 ఏళ్లలో ముగిస్తారు. ఆ రెండు డిగ్రీలకూ పేరే తేడా, విలువ ఒకటే. శాన్ ఫ్రాన్సిస్కోలోని పసిఫిక్ యూనివర్సిటీ డుగోని స్కూల్‌లో అయితే ఇక్కడి పిల్లలకే 3 ఏళ్ల కోర్సు, బయటి డెంటిస్టులకు 2 ఏళ్లది. ఏళ్లు తగ్గాయి గానీ పని తగ్గలేదు. ఎండాకాలం సెలవులు లేకపోవడం వల్లనే అన్నీ అందులో ఇముడుతాయి. మొదటి కొన్ని నెలలు సిమ్ ల్యాబ్‌లో ప్లాస్టిక్ పళ్ల మీద, ఆ తర్వాత క్లినిక్‌లో పేషెంట్ల మీద.

ఇప్పుడు లెక్క. వారానికి 168 గంటలు. క్లాసు, ల్యాబ్, క్లినిక్ కలిపి 45 తీసేయండి. రోజుకు 7 గంటల నిద్ర, 49. వంట, స్నానం, బస్సు, బట్టలు రోజుకు 3 గంటల చొప్పున 21. చదువుకు, సాయంత్రం ల్యాబ్ ప్రాక్టీసుకు రోజుకు 4 గంటలు ఇస్తే 28. ఇన్ని పోయినా చేతిలో 25 గంటలు ఉండాలి. ప్రాక్టికల్ పరీక్షలున్న వారాన్ని లెక్కలోంచి తీసేయండి, అప్పుడు ఎవరికీ ఏమీ మిగలదు. మామూలు వారాల్లో కూడా ఆ 25 కనబడట్లేదంటే ఎక్కడో కారుతున్నాయి.

అన్నిటికన్నా పెద్ద చిల్లు సిమ్ ల్యాబ్‌లోనే. మన వాళ్ల చేతులు వేగంగా ఆడుతాయి, హౌస్ సర్జన్సీలో వందల పళ్లు చూసి ఉంటారు. ఇక్కడ మార్కులు వేగానికి కాదు, అర మిల్లీమీటరుకు. క్లాస్ టూ ప్రెప్‌లో (వెనక పంటి పక్క వైపు ఫిల్లింగ్ కోసం కోసే గుంట) పల్పల్ ఫ్లోర్ (గుంట అడుగు) లోతు 1.5 మి.మీ. అంటే 1.5 ఉండాలి, పక్క పంటికీ బాక్స్‌కూ (గుంటలో పక్క పంటి వైపు భాగం) మధ్య అర మిల్లీమీటరు సందు ఉండాలి. రాత్రి పది దాకా కూర్చొని పది టైపోడాంట్ (ప్రాక్టీసు దవడ) పళ్లు కోసేవాళ్లు ఉంటారు. చూస్తే పదింట్లోనూ అదే తప్పు. పది కోయడం ప్రాక్టీస్ కాదు, తప్పును చేతికి అలవాటు చేయడం. రెండే కోయండి. ఒక్కోటి కోశాక రూబ్రిక్ (మార్కులు ఎట్లా వేయాలో చెప్పే పట్టిక) ముందు పెట్టుకుని మీకు మీరే మార్కులు వేసుకుని, ఆ తర్వాత ఫ్యాకల్టీకి చూపించి వాళ్ల మార్కులతో పోల్చండి. రెండింటికీ తేడా వచ్చిన చోటే మీ కన్ను తప్పు చూస్తోంది.

కొలతకు మీ దగ్గరున్న బర్‌నే (పంటిని కోసే చిన్న డ్రిల్ ముక్క) వాడుకోవచ్చు. 330 బర్ తల వెడల్పు దాదాపు 0.8 మి.మీ., కాబట్టి ఇస్త్మస్ (గుంట నడుమ ఇరుకు భాగం) దానికి రెండింతలు దాటుతోందంటే ఎక్కువ కోశారన్నమాట. బాక్స్ తెరిచేటప్పుడు పక్క పంటికి గీత పడడం అందరూ చేసే తప్పు. చివరి పలచటి ఎనామెల్ పొరను బర్‌తో కోయకుండా వదిలి, హ్యాండ్ ఇన్‌స్ట్రుమెంట్‌తో విరగ్గొట్టాలి, లేదా పక్క పంటికి పలచటి స్టీల్ పట్టీ (మ్యాట్రిక్స్ బ్యాండ్) అడ్డం పెట్టుకోవాలి. క్రౌన్ (పంటి తొడుగు) ప్రెప్‌కు బర్ ముట్టకముందే సిలికాన్ పుట్టీతో అచ్చు తీసుకుని మధ్యలో కోసి పెట్టుకోండి. తర్వాత దాన్ని పంటి మీద పెట్టి ప్రోబ్‌తో కొలిస్తే ఎక్కడ ఎంత తగ్గిందో కనబడుతుంది. అండర్‌కట్ (గోడ లోపలికి వంగిపోయిన చోటు) చూడాలంటే రెండు కళ్లతో చూస్తే దొరకదు, రెండో కన్ను దాన్ని దాచేస్తుంది. ఒక కన్ను మూసి, 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూడాలి. ఇంత చేస్తే ల్యాబ్ రాత్రి పదికి కాదు, ఏడున్నరకే ముగుస్తుంది. రోజూ రెండు గంటలకు పైగా అక్కడే మిగిలింది.

ఇంకో చిన్న విషయం, కానీ మొదటి నెల మస్తు ఆగం చేస్తుంది. ఇక్కడ పళ్లకు యూనివర్సల్ నంబర్లు: పై కుడి జ్ఞానదంతం 1తో మొదలై, పై ఎడమ చివర 16, కింద ఎడమ చివర 17, కింద కుడి చివర 32. మన దగ్గర వాడే ఎఫ్‌డీఐ పద్ధతిలో 16 ఇక్కడ 3. మన 26 ఇక్కడ 14, 36 ఇక్కడ 19, 46 ఇక్కడ 30. ప్రమాదం ఎక్కడంటే, "16" అన్న నంబరు ఇక్కడా ఉంది, కానీ అది పై ఎడమ జ్ఞానదంతం. "11" మనకు పై ముందు పన్ను, ఇక్కడ ఎడమ కోరపన్ను. నోట్‌లో తప్పు నంబరు పడితే దిద్దడానికి మళ్లీ ఫ్యాకల్టీ సంతకం కావాలి. విమానం ఎక్కకముందే ఇంట్లో వారం రోజులు దీన్ని ఎక్కాల లెక్క బట్టీ పట్టండి, పుణ్యం ఉంటుంది.

క్లినిక్‌లోకి వచ్చాక చిల్లు మారుతుంది. చేతిపని సాఫీగానే సాగుతుంది, సంతకాల కోసం ఎదురుచూడడంలో టైం పోతుంది. మొదలుపెట్టే ముందు ఒక చెక్, ప్రెప్ అయ్యాక ఒకటి, ఫిల్లింగ్ అయ్యాక ఒకటి, ఆఖరికి నోట్ మీద అప్రూవల్. సెషన్ ఆఖరి అరగంటలో అందరూ ఒకేసారి ఫ్యాకల్టీని పిలుస్తారు. కాబట్టి 12కు ముగిసే సెషన్ అయితే 11:20కే ఫైనల్ చెక్ అడిగేలా పని పెట్టుకోండి. అట్లా కుదరదు అనిపిస్తే ఆ రోజు రెండు ఫిల్లింగులు అనుకున్న చోట ఒకటే చేయండి. అప్రూవల్ లేని నోట్లు నాలుగైదు పోగయ్యాయంటే శుక్రవారం సాయంత్రం మొత్తం ఫ్యాకల్టీ వెంబడి తిరగడానికే సరిపోతుంది.

నోట్ ఎప్పుడు రాయాలి? మత్తు ఎక్కే సమయంలో. కింది దవడకు నర్వ్ బ్లాక్ ఇచ్చాక 3 నుంచి 5 నిమిషాలు ఆగాల్సిందే. పేషెంట్ పక్కనే కూర్చొని సగం నోట్ అప్పుడే ముగించండి: మెడికల్ హిస్టరీ చూశాం, బీపీ ఇంత, సమ్మతి తీసుకున్నాం, మత్తు ఇంత. ఇక్కడ మత్తుమందు మన దగ్గరిలా 30 మి.లీ. సీసాలోంచి సిరంజిలోకి లాగేది కాదు, కార్ట్రిడ్జ్‌లో వస్తుంది. నోట్‌లో మిల్లీగ్రాములు రాయాలి: 2 శాతం లిడోకైన్, 1.7 మి.లీ. కార్ట్రిడ్జ్ అంటే 34 మి.గ్రా.; అందులో ఎపినెఫ్రిన్ 1:1,00,000 ఉంటే 0.017 మి.గ్రా. ఈ అంకెలు ఒకటి, రెండు, మూడు కార్ట్రిడ్జ్‌లకు ముందే రాసిపెట్టుకుంటే ప్రతిసారీ లెక్క వేసే పని ఉండదు.

పేషెంట్ రాకపోవడం మీ చేతిలో లేదు, సగం మాత్రం ఉంది. రెండు రోజుల ముందు మీరే ఫోన్ చేయండి. స్కూల్ దగ్గర్లో ఉండే, రిటైరైన, "ఎప్పుడు పిలిచినా వస్తా" అనే ఇద్దరు ముగ్గురు పేషెంట్ల పేర్లు వేరుగా పెట్టుకోండి. ఎవరూ రాని రోజు ఫోన్ పట్టుకుని కూర్చోకుండా, తోటివాళ్లకు అసిస్ట్ చేయండి లేదా ఎమర్జెన్సీ విభాగంలో అడిగి చూడండి. ఇది మంచితనం కోసం కాదు, రేపు మీకు నాలుగు చేతుల పని పడ్డప్పుడు వాళ్లు వస్తారు.

కట్టుడు పళ్ల కేసులను మాత్రం మొదట్లోనే పట్టుకోండి. ఒక కంప్లీట్ డెంచర్‌కు (మొత్తం కట్టుడు పళ్ల సెట్టు) మొదటి ఇంప్రెషన్ (అచ్చు), ఫైనల్ ఇంప్రెషన్, జా రిలేషన్ (రెండు దవడలు కలిసే తీరు కొలవడం), ట్రై-ఇన్ (పెట్టి చూడడం), డెలివరీ, ఆ తర్వాత ఒకసారి చెక్. ఆరు సార్లు రావాలి, నడుమ ల్యాబ్ నుంచి రావడానికి రోజులు పడతాయి. పేషెంట్ ఒక్కసారి రాకపోతే రెండు వారాలు వెనక్కి. ఫిల్లింగులు ఆఖరి సెమిస్టర్‌లో పది చేయొచ్చు, డెంచర్ మాత్రం ఆఖరి నెలలో మొదలుపెడితే ముగియదు. గ్రాడ్యుయేషన్ ముందు రాత్రింబగళ్లు పరుగెత్తే వాళ్లను కదిలించండి, మూల కారణం చాలాసార్లు ఇదే.

థియరీకి మన వాళ్లు అవసరానికి మించి భయపడతారు. అనాటమీ, పాథాలజీ మీకు వచ్చిందే. చాలా స్కూళ్లు సీటుకు ముందే ఐఎన్‌బీడీఈ (అమెరికా జాతీయ డెంటల్ బోర్డు పరీక్ష) పాస్ అడుగుతాయి, అది దాటిన వాళ్లకు అవి మళ్లీ మొదటి నుంచి చదవాల్సిన పని లేదు. కొత్తవి ఇవీ: ట్రీట్‌మెంట్ ప్లానింగ్, ఇక్కడి చట్టాలు, పేషెంట్ల గోప్యత, బిల్లింగ్ కోడ్లు. డీ0150 అంటే మొదటి పూర్తి పరీక్ష, డీ1110 పెద్దవాళ్లకు క్లీనింగ్, డీ2392 వెనక పంటికి రెండు సర్ఫేసుల కాంపోజిట్, డీ2740 సిరామిక్ క్రౌన్. ఇట్లాంటివి ఓ నలభై, యాంకీ యాప్‌లో ఫ్లాష్ కార్డులుగా చేసుకుని బస్సులో పదిహేను నిమిషాలు తిప్పితే చాలు. రెండున్నర గంటలు లైబ్రరీలో కూర్చొని చదివేవి కావివి.

ఇక ఇంటి సంగతి. కొత్తగా వచ్చిన వాళ్లకు టైం కారే మరో చోటు ఫోన్. అమ్మానాన్న వరంగల్‌లో ఎప్పుడు ఫోన్ ఎత్తుతారో ముందే మాట్లాడుకోండి. న్యూయార్క్ వైపు ఎండాకాలంలో మనకు 9:30 గంటల తేడా, చలికాలంలో 10:30. కాలిఫోర్నియాలో 12:30, 13:30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం ఇక్కడి గడియారం మారుతుంది, మనది మారదు. కాలిఫోర్నియాలో పొద్దున 7 గంటలంటే ఎండాకాలంలో ఇంటి దగ్గర రాత్రి 7:30, అన్నం తినే యాళ్ల. అప్పుడే పది నిమిషాలు మాట్లాడితే "తిన్నవా బిడ్డా" అన్న మాటా వినబడుతుంది, మీ రాత్రీ మీకే మిగులుతుంది. రాత్రి 11కు మొదలయ్యే వీడియో కాల్‌లో చుట్టాలందరూ వరుసగా వచ్చి, ఆఖరికి మేనత్త మనుమరాలి పంటి నొప్పి దాకా పోతుంది. ఆ సలహా ఆదివారానికి ఆపండి.

వంటకు ఆదివారం రెండు గంటలు పెట్టి వారానికి చేసుకుంటే మిగతా రోజులు వేడి చేసుకోవడమే. రెండు కప్పుల కందిపప్పు కుక్కర్‌లో ఉడికించి సగం పప్పు, సగం పప్పుచారు. అన్నం మాత్రం బయట పెట్టి పండుకోవద్దు. రెండు గంటల్లోపు చల్లారబెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి ఉంచకుండా, మిగతాది ఫ్రీజర్‌లో వేయాలి. కడుపు చెడి ఆ రోజు క్లినిక్ తప్పితే ఆ పేషెంట్ చేజారిపోతాడు. ఇంటి నుంచి వచ్చిన సకినాలు డబ్బా మూత గట్టిగా ఉంటే వారాల తరబడి ఉంటాయి, రెండు సెషన్ల నడుమ ఆకలికి వాటిని మించింది లేదు. రూమ్‌మేట్ల విషయంలో నా మాట: అదే బ్యాచ్ వాళ్లతో కాకుండా ఐటీ వాళ్లతో ఉండండి. అన్నం ముందు కూడా ప్రెప్ అంచుల (మార్జిన్) ముచ్చట్లు నడిస్తే తల తిరుగుతుంది.

వారానికి ఒక పూట, శనివారం సాయంత్రమో ఆదివారం పొద్దున్నో, ముందే గీత గీసి పక్కన పెట్టండి. అందులో పుస్తకం ముట్టొద్దు. తెలుగు సంఘాల వాళ్లు బతుకమ్మ చేసేది సాధారణంగా శనివారం, మీకు అప్పుడే మిడ్‌టర్మ్‌లు. వెళ్లండి, ఆడండి, కానీ మూడు వారాల డ్యాన్స్ రిహార్సల్‌కు పేరు ఇవ్వొద్దు. తంగేడు పూల కోసం ఊరంతా తిరగొద్దు, బంతి, చామంతి చాలు. మీ పూట అప్పటికి మార్చుకుంటే, ఆ వారం ఇంకో పూట తీసుకోవద్దు.

ఎడ్యుకేషన్ లోన్ బరువు వల్ల పని వెతకాలనిపిస్తుంది. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటల లోపే చేయాలి. మొదటి సెమిస్టర్‌లో అసలు వద్దు. ఆ తర్వాత లైబ్రరీ కౌంటర్ లాంటిది దొరికితే 6, 8 గంటలు చాలు. బయట డెంటల్ క్లినిక్‌లో చేతికి డబ్బులిచ్చే అసిస్టెంట్ పని వీసాకే ఎసరు పెడుతుంది.

ఒంటి సంగతి ఒక్క ముక్కే. లూప్స్ (పని చేసేటప్పుడు పెట్టుకునే భూతద్దాల కళ్లజోడు) కొలత ఇచ్చేటప్పుడు మీరు పని చేసే దూరం కొలిపించుకోండి, అమ్మేవాడు ఇచ్చిన దూరానికి మీరు వంగొద్దు. మెడ నొప్పి మొదలైన వాళ్ల సాయంత్రాలన్నీ హీటింగ్ ప్యాడ్ కిందే పోతాయి.

సెమిస్టర్ల నడుమ సెలవు వస్తుంది, ఒక వారమో రెండు వారాలో. టికెట్ ముందే కొనకండి. ప్రాక్టికల్ తప్పిన వాళ్లకు రీటేక్ చాలాచోట్ల ఆ సెలవు మొదట్లోనే పెడతారు, అది తేలాకే బుక్ చేయండి, లేదా తేదీ మార్చుకునే టికెట్ కొనండి. ఐ-20 (స్కూల్ ఇచ్చే స్టూడెంట్ వీసా పత్రం) మీద ట్రావెల్ సంతకం ఏడాదిలోపుదేనా, పాస్‌పోర్టులో వీసా ఇంకా నడుస్తోందా చూసుకోండి. శంషాబాద్‌లో దిగాక వరంగల్ ఇంకో మూడు గంటలు, రానుపోను ప్రయాణానికే మూడు నాలుగు రోజులు పోతాయి. రెండు వారాల సెలవంటే ఇంట్లో పది రోజులు. చేతి అలవాటు పోతుందని టైపోడాంట్ మోసుకుపోయేవాళ్లు ఉంటారు. అది సంచిలోంచి బయటకు రాదు, ఆ బరువుకు సకినాలే ఎక్కువ తెచ్చుకోండి.