విన్ 237తో మొదలైతే దొంగ జీటీఓ అయిపోదు

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. 14 నెలల క్రితం ఒకాయన దగ్గర 1965 పోంటియాక్ జీటీఓ 62,000 డాలర్లకు కొన్నాను. ప్రకటనలో ‘ఫ్యాక్టరీ జీటీఓ, ఒరిజినల్ ట్రై-పవర్’ (అంటే ఫ్యాక్టరీలోనే బిగించిన మూడు కార్బ్యురేటర్ల ఇంజిన్) అని ఉంది. బిల్ ఆఫ్ సేల్‌లో మాత్రం ‘1965 పోంటియాక్ జీటీఓ, యాజ్ ఈజ్’ (ఎలా ఉందో అలాగే) అని రాసుకున్నాం. విన్ (బండి గుర్తింపు నంబరు) 237తో మొదలైంది కాబట్టి ఇది పోంటియాక్ వారి మామూలు మోడల్ లెమాన్స్ అని మెకానిక్ అంటున్నాడు. నా డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: ముందు టెన్షన్ పడకండి. మెకానిక్ చెప్పింది సగమే నిజం. 1965లో జీటీఓ విడి మోడల్ కాదు, లెమాన్స్ మీద అదనంగా డబ్బు కట్టి తీసుకునే ఆప్షన్. కాబట్టి ఆ ఏడాది అసలు సిసలు జీటీఓకి కూడా విన్ 237తోనే మొదలవుతుంది. 242 వచ్చింది 1966లో, జీటీఓ సొంత సిరీస్ అయ్యాక. అంటే మీ విన్ ఎటూ రుజువు కాదు. ఈ ఒక్క అంకె చూసి కోర్టుకెళ్తే మొదటి వాయిదాలోనే నవ్వులపాలవుతాం.

రుజువు వేరే చోట ఉంది. పోంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్‌కి విన్ పంపి, ఫీజు కడితే ఫ్యాక్టరీ ఇన్‌వాయిస్ కాపీ వస్తుంది. బండి గేటు దాటినప్పుడు దాని మీద ఏ ఆప్షన్లున్నాయో అందులో ఉంటుంది. అక్కడ రెండు చూడాలి: జీటీఓ ఆప్షన్ ఉందా, ట్రై-పవర్ ఉందా? మామూలు నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటర్‌తో 389 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌ది 335 హార్స్‌పవర్, మూడు కార్బ్యురేటర్ల ట్రై-పవర్‌ది 360. తర్వాతెప్పుడో ఆ మూడింటినీ తెచ్చి బిగించుకున్న బండ్లు బోలెడు. చూడ్డానికి తేడా తెలీదు, ధరలో మాత్రం తెలుస్తుంది.

ఇన్‌వాయిస్‌లో జీటీఓ ఆప్షనే లేకపోతే మీ కేసు గట్టిది. ‘యాజ్ ఈజ్’ అన్న మాటకి చాలామంది హడలిపోతారు. అది ఎగరగొట్టేది చట్టం దానంతటది ఊహించే వారంటీలనే. అమ్మేవాడు కాగితం మీద ‘జీటీఓ’ అని వర్ణించి, కింద ‘యాజ్ ఈజ్’ అని రాసినంత మాత్రాన ఆ వర్ణన చెల్లకుండా పోదు. టెక్సాస్ బిజినెస్ అండ్ కామర్స్ కోడ్ 2.313, 2.316 సెక్షన్లు చెప్పేది ఇదే. ఆ వర్ణనే ఒక వారంటీ. ఆయన నిజంగానే జీటీఓ అని నమ్మి అమ్మినా వారంటీ వారంటీయే. తెలిసే మోసం చేశాడని తేలితే డీటీపీఏ (వ్యాపార మోసాల నుంచి కొనేవాళ్లను కాపాడే టెక్సాస్ చట్టం) కింద నష్టానికి మూడింతల దాకా అడగొచ్చు. దానికి దావా వేసే ముందు 60 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి.

జీటీఓ నిజమే, ట్రై-పవర్ ఒక్కటే అబద్ధం అయితే కొంచెం కష్టం. ఆ మాట ప్రకటనలో ఉంది, బిల్లులో లేదు. ‘ఈ కాగితంలో లేనిదేదీ చెల్లదు’ అన్న క్లాజు బిల్లులో ఉందేమో చూడండి. ఉంటే వారంటీ వాదన బలహీనపడుతుంది, డీటీపీఏ దారి చూసుకోవాలి.

వారంటీ దావాకి గడువు బండి అప్పగించిన రోజు నుంచి నాలుగేళ్లు. డీటీపీఏకి మోసం తెలిసిన, లేదా తెలియాల్సిన నాటి నుంచి రెండేళ్లు. ఇన్‌వాయిస్ రాగానే అమ్మినాయనకి రాతలో తెలియజేయండి, ఆలస్యం చేస్తే హక్కే పోవచ్చు. ప్రకటన స్క్రీన్‌షాట్, మీ ఇద్దరి మెసేజ్‌లు దాచుకోండి. ఈలోగా ఆ బండికి కొత్త పెయింట్ వేయించడం, ఇంజిన్ దించడం లాంటివి వద్దు. బండి రూపం మారిపోతే వెనక్కి ఇచ్చేసి డబ్బు అడిగే దారి మూసుకుపోవచ్చు.