ఉపనాహం అంటే పూత కాదు, కట్టు

ఉపనాహం అంటే పూతమందేనా, ఆ మాట ఎలా పుట్టింది అని అడిగారు కదా. పూత కాదండీ, కట్టు, అంటే నొప్పి ఉన్నచోట వేడి ముద్ద పరిచి పైన గుడ్డతో కట్టే ఆయుర్వేద వైద్యం. సంస్కృతంలో నహ్ అంటే కట్టడం, బిగించడం, పెళ్లి సన్నాహాలు అంటామే ఆ మాటలో ఉన్నదీ ఆ ధాతువే. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో అయితే వీణకి తీగలు బిగించి కట్టే చోటుని కూడా ఉపనాహం అన్నారు. ఇలాంటి వేడిముద్ద వైద్యానికి ఇంగ్లీషువాళ్లు పెట్టిన పౌల్టీస్ అనే పేరు లాటిన్లో జావ అనే మాట నుంచి వచ్చింది, అంటే వాళ్లు లోపలి ముద్దని చూసి పేరు పెట్టారు, మనవాళ్లు పైన కట్టే కట్టుని చూసి పెట్టారు. నన్నడిగితే మనవాళ్లదే కరెక్టు.

మా అమ్మమ్మ కట్టడం చూసినవాళ్లెవరైనా అదే అంటారు. నా చిన్నప్పుడు మావయ్యకి తొడ మీద సెగ్గడ్డ లేచి కూర్చోలేక పడుకోలేక అల్లాడిపోతుంటే, గోధుమపిండిలో పసుపు, ఉప్పు, ఆముదం వేసి ఇనప మూకుట్లో ఉడకబెట్టి, ముద్ద అయ్యాక ముందు తన మోచేతి లోపలివైపు ఆనించి వేడి చూసుకుని, అప్పుడు గడ్డ మీద పరిచి, పైన నిప్పుల మీద వాడ్చిన ఆముదపాకు వేసి, తాతయ్య పాత పంచె చింపి గట్టిగా చుట్టేసింది. "బిగుతైపోయిందే అమ్మా" అని మావయ్య మూలుగుతుంటే "వదులుగా కడితే ఇట్టే చల్లారిపోద్దిరా, కదలకుండా పడుకో" అంది. తెల్లారి విప్పితే గడ్డ మెత్తబడి మొన తేలింది, సాయంత్రానికి దానంతటదే చితికి చీము మొత్తం పోయింది, మావయ్య ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

పెద్దయ్యాక ఆయుర్వేద గ్రంథం చరకసంహితలో స్వేదాధ్యాయం, అంటే చెమట పట్టించే వైద్యాల అధ్యాయం చదివితే దాదాపు అదే ఉంది, గోధుమలు, యవల (బార్లీ) పిండి, పులుపు, నూనె, ఉప్పు. కట్టడానికి తోలు వాడమన్నాడు, అది దొరక్కపోతే పట్టుగుడ్డో ఉన్నిగుడ్డో. రాత్రి కట్టింది పగలు విప్పాలి, పగలు కట్టింది రాత్రి విప్పాలి అని కూడా రాసుంది. సుశ్రుతుడు చెమట పట్టించే పద్ధతులు 4 చెప్పి అందులో దీన్ని ఒకటిగా పెట్టాడు, మరి కట్టకపోతే వేడి నిలిచేదెలా, చెమట పట్టేదెలా?

ఇప్పుడేమో అన్నిటికీ అదే పేరు పెట్టేస్తున్నారు. అమ్మ మోకాళ్ల నొప్పులకి సిటీలో ఒక సెంటర్‌కి తీసుకెళ్తే ముద్ద రాసి, ఫ్యాన్ కింద పడుకోబెట్టి, కాసేపటికి టిష్యూతో తుడిచేసి, బిల్లులో మాత్రం ఉపనాహం అని వేశారు. ఆకు లేదు, గుడ్డ లేదు. ఇదేంటండీ అంటే "మా ప్రొసీజర్ ఇంతే మేడమ్" అన్నారు, నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మమ్మ పైసా తీసుకోకుండా చేసిన పని అది.

షుగర్ ఉండి కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకి మాత్రం ఇంట్లో వేడికట్టు కట్టకండి, కాలినా తెలీదు. మిగతావాళ్లు ఏ సెంటర్‌కి వెళ్లినా డబ్బు కట్టేముందే కట్టు దేనితో కడతారు, ఎంతసేపు ఉంచుతారు అని అడగండి.